ప్రాత మోటారుబండికి క్రొత్త మీటరులు

మోటారుబండి నడపువాని కన్నులు బాటను జూచుచుండును. కాని బండిలోపల నేమి జరుగుచున్నదో అవి చూడఁజాలవు. ఇంజనులో చమురు ప్రవహించుచున్నదా, నీరు కాఁగి పొంగుటకు సిద్ధముగా నున్నదా, బాటరీకి విద్యుత్తు చేరుచున్నదా యను సంగతులను కూర్చున్న చోటనే తెలిసికొనుటకై చోదకుని యెదుట నొక పలకపై మీటరులు అమర్చఁబడి యుండును. ఆ పలకను డాష్‌బోర్డు అందురు. గుఱ్ఱపుబండ్ల కాలమున గుఱ్ఱముల గిట్టలు చిమ్ము బురద ప్రయాణికులపై పడకుండ బండిముందు నిలిపిన పలకకు ఆ పేరు మొదట కలిగెను. గుఱ్ఱములు పోయినవి, పలకయు పేరును నిలిచినవి.

నేఁటి బండ్లలో ఇంజనుయొక్క యోగక్షేమములను కంప్యూటరులు కనిపెట్టుచున్నవి. ప్రాత బండ్లకు అట్టి సహాయము లేదు. వానిని ముచ్చటపడి కాపాడుకొనువారు మన జిల్లాలలోను గలరు. అట్టి బండ్లకు కొఱఁతపడిన మీటరులను చేర్చు విధమెట్టిది, ఆ మీటరులు ఏ శాస్త్రసూత్రమును బట్టి పనిచేయును, వానిని నమ్మవలసిన మేర యెంత యను మూఁడు విషయములను ఈ వ్యాసమున వివరించెదను. మూఁడవదానిని నేను చాల వెచ్చించి నేర్చుకొంటిని గనుక దానిని కడపటికి ఉంచితిని.

మీటరుల పూర్వకథ

1908లో అమెరికాదేశమున ఫోర్డు కంపెనీవారు విడుదల చేసిన 'మోడల్ టి' బండిలో పెట్రోలు మీటరు లేదు. ముందుసీటు నెత్తి, దాని క్రిందనున్న టాంకి మూఁత తీసి, కొలకఱ్ఱను ముంచి చూచుకొనవలసి యుండెను. నీటి వేఁడిమి తెలియుటకును సాధనము లేదు. ఈ కొఱఁతను దీర్చుటకై రేడియేటరు మూఁతపై బిగించు 'బాయిస్ మోటోమీటరు' అను ఉష్ణమాపకము కొలఁదికాలములోనే వ్యాప్తికి వచ్చెను. చోదకుఁడు ముందరి అద్దముగుండ చూచి, అందలి ఎఱ్ఱని ద్రవము ఎంత పైకి లేచినదో గమనించుచుండెడివాఁడు. కావున బండి చేసినవారు ఇయ్యని మీటరును కొన్నవారు తెచ్చి తగిలించుకొనుట నిన్న మొన్న పుట్టిన వేడుక కాదు.

1927 చివర వచ్చిన 'మోడల్ ఏ' బండిలో వేగము, పెట్రోలు, విద్యుత్ప్రవాహము తెలుపు మూఁడు మీటరులు కలవు. దాని పెట్రోలు టాంకి డాష్‌బోర్డు వెనుకనే యుండుటచేత తీఁగెలతో పనిలేకయే తేలుడుబెండు కదలికనుబట్టి పెట్రోలు కొలత కనఁబడుచుండెను. జర్మనీలో పుట్టిన ఫోల్క్స్‌వాగన్ బీటిలులో 1961 వఱకు సాధారణ నమూనాలయందు పెట్రోలు మీటరే లేదు. ఇంజను ఆగఁబోవు తరుణమున ఒక మీటను త్రిప్పి, టాంకి అడుగున దాఁచియుంచిన కొలఁది పెట్రోలును వాడుకొనెడివారు.

మన దేశమున అందఱెఱిఁగిన ప్రాతబండి అంబాసిడరు. బ్రిటిషువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూఁడవ శ్రేణి బండి ననుసరించి, పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారా యందు హిందుస్థాన్ మోటార్సు వారు దీనిని నిర్మించిరి. 2014లో దాని నిర్మాణము ఆగిపోయినది. అయినను దానిని విడువని కుటుంబములు ఇంకను గలవు.

కాలక్రమమున అనేక కంపెనీలవారు కొన్ని మీటరులను తీసివేసి, వానికి బదులు ఎఱ్ఱదీపములను పెట్టిరి. దీపము చౌక, మీటరు ఖరీదు. కాని దీపమునకు రెండే మాటలు తెలియును: వెలుఁగుట, వెలుఁగకుండుట. చమురు ఒత్తిడి సాధారణముగా చదరపు అంగుళమునకు 5, 7 పౌనులకు పడిపోయిన పిమ్మట గాని చమురు దీపము వెలుఁగదు. 50 పౌనులు ఉండవలసినచోట 20 పౌనులే యున్నను అది మాటాడదు. దానిలోని బుడ్డి మాడిపోయినచో ఎన్నఁటికిని మాటాడదు. ఇల్లు అంటుకొనిన పిమ్మట కేకవేయు కావలివాఁడు దీపము. పొగవాసన తగిలినప్పుడే లేపువాఁడు మీటరు.

చమురు ఒత్తిడి మీటరు

ఇంజనులోని ఇరుసు లోహపు బేరింగులలో తిరుగును గాని, ఆ రెండు లోహములు ఒకదానినొకటి తాఁకఁగూడదు. వాని నడుమ పలుచని చమురుపొర యుండవలెను. ఆ పొర తెగినచో కొన్ని నిమిషములలోనే బేరింగులు అఱిగి పాడగును. పంపు ఆ చమురును ఎంత ఒత్తిడితో నెట్టుచున్నదో ఈ మీటరు తెలుపును.

దీని లోపలి కీలకమును ఫ్రాన్సుదేశీయుఁడైన యూజీను బూర్డాను 1849లో కనిపెట్టెను. తిరునాళ్లలో అమ్ము కాగితపు బూరను మీరు చూచియుందురు. ఊదఁగానే దాని చుట్ట విడి ముందుకు సాగును. ఊదుట మానఁగానే మరల ముడుచుకొనును. మీటరులోని నాళమును ఇట్టిదే. కొంచెము అణఁచి, కొడవలివలె వంచిన యిత్తడి నాళములోనికి చమురు ఒత్తిడి ప్రవేశించినపుడు అది చక్కగా సాగుటకు యత్నించును. ఆ స్వల్పమైన కదలికను చిన్న పండ్లచక్రము పెద్దది చేసి ముల్లును త్రిప్పును. బాటరీతో దీనికి పనిలేదు.

అంబాసిడరు వంటి బండిలో, వేఁడెక్కిన ఇంజను బాటపై నడచునపుడు సుమారు 40 మొదలు 60 పౌనుల వఱకు ఒత్తిడి యుండుటయు, నిలిచియున్న బండిలో నెమ్మదిగా తిరుగునపుడు అది మూఁడవవంతునకో అంతకు కొంచెము తక్కువకో దిగుటయు సహజములు. కాని పైన చెప్పిన 'మోడల్ ఏ' ఇంజనులో చమురు చాలవఱకు తన బరువుచేతనే క్రిందికి జాఱి బేరింగులను చేరును. అందు ఒత్తిడి కొలఁది పౌనులు మాత్రమే. అట్టిదానికి 100 పౌనుల మీటరు తగిలించినచో ముల్లు సున్నయొద్దనే పడియుండి యజమానుని భయపెట్టును. కావున ప్రతి బండికిని ప్రతి మీటరును తగదు. ముందు బండి స్వభావము నెఱుఁగవలెను.

నీటి వేఁడిమి మీటరు

ఇది రెండు విధములు. మొదటిదానిలో ఇంజను నీటిలో మునిఁగియుండు చిన్న గుండును, దానినుండి మీటరువఱకు పోవు వెండ్రుకవలె సన్నని రంధ్రముగల గొట్టమును ఉండును. గుండులోని ఈథరు వంటి ద్రవము వేఁడికి ఆవిరియై ఒత్తిడి పుట్టించును. ఆ ఒత్తిడి పైన చెప్పిన కొడవలి నాళమునే కదల్చును. ఈ గొట్టమును కత్తిరింపఁగూడదు, మడతపడనీయఁగూడదు. పొడవు ఎక్కువైనచో చుట్టగా చుట్టి ఉంచవలెను.

రెండవది విద్యుత్తుతో పనిచేయునది. నీటిలోనికి దిగిన మరమేకు వంటి భాగములో, వేఁడి హెచ్చినకొలఁది విద్యుత్తునకు అడ్డు తగ్గు పదార్థముండును. అడ్డు తగ్గఁగా ప్రవాహము హెచ్చును. ప్రవాహము హెచ్చఁగా ముల్లు కదలును. ఈ మరమేకును మీటరును జంటగా చేయఁబడినవి. ఒక కంపెనీవారి మరమేకునకు వేఱొక కంపెనీవారి మీటరును జతపఱచినచో ముల్లు తిరుగును గాని నిజము చెప్పదు. మఱియు 1960ల నాఁటి కొన్ని బ్రిటిషు బండ్లలో మీటరులకు బాటరీ 12 వోల్టులు గాక, ఒక చిన్న పెట్టె ద్వారా సుమారు 10 వోల్టులే పంపఁబడును. ఆ తీఁగెకు 12 వోల్టుల క్రొత్త మీటరును కలిపినచో అది తప్పు లెక్కయే చూపును.

సామాన్యముగా ఇంజను నీరు 80, 90 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ నుండును. మీరు తరగతిలో చదివిన పాఠ మొకటి ఇక్కడ పనికివచ్చును. ఒత్తిడి హెచ్చినచో నీరు మఱుఁగు వేఁడిమియు హెచ్చును. రేడియేటరు మూఁత 7 పౌనుల ఒత్తిడిని పట్టియుంచినచో నీరు సుమారు 111 డిగ్రీలదాఁక మఱుఁగదు. మూఁత రబ్బరు చెడి ఒత్తిడి నిలువనిచో 100 డిగ్రీలకే మఱుఁగును. మదనపల్లెకు సమీపమున 1,250 మీటర్లకు పైని యున్న హార్సిలీ కొండలపై ఇంకను ముందుగా, సుమారు 96 డిగ్రీలకే మఱుఁగును. కాబట్టి మీటరుపై ఒకే అంకె ఒకచోట క్షేమమును, వేఱొకచోట అపాయమును తెలుపవచ్చును.

విద్యుత్తు మీటరు

ప్రాత బండ్లలో ఆమ్మీటరు ఉండెడిది. నదిలో నీటినంతయు ఒక తూముగుండ పంపి కొలిచినట్లు, బండి విద్యుత్తు దాదాపు అంతయు ఈ మీటరుగుండ పోవలెను. కావున దాని తీఁగెలు లావుగా నుండవలెను. దాని అతుకులు గట్టిగా బిగిసియుండవలెను. ఒక అతుకు వదులై ఓములో పదవవంతు అడ్డు కలిగినదనుకొందము. అందు 20 ఆంపియరులు ప్రవహించినచో, 20ని 20తో హెచ్చించి 0.1తో హెచ్చింపఁగా 40 వాట్ల వేఁడి పుట్టును. అది తగరముతో అతుకువేయు సోల్డరింగు కడ్డీకి చాలునంత వేఁడి! డాష్‌బోర్డు వెనుక, గుడ్డ చుట్టిన ప్రాత తీఁగెల నడుమ, అట్టి కడ్డీ కాలుచున్నచో ఏమగునో మీరే యూహింపుఁడు.

ఇందుచేత క్రొత్తగా చేర్చువారు వోల్టుమీటరునే చేర్చుట మేలు. ఇది ప్రవాహమునకు ప్రక్కన నిలిచి, ఒత్తిడిని మాత్రము కొలుచును. దానిగుండ పోవు విద్యుత్తు అత్యల్పము. 12 వోల్టుల బండిలో ఇంజను ఆగియున్నపుడు మంచి బాటరీ సుమారు 12.6 చూపును, ఇంజను నడచుచు బాటరీ నిండుచున్నపుడు 14కు అటునిటుగా చూపును. ఇంజను వేగముగా తిరుగుచున్నను 12కు దిగువనే యున్నచో, డైనమో పని మానినదని గ్రహించి దారిలో ఆగిపోకమునుపే ఇల్లు చేరవచ్చును.

అమర్చు విధము

మొదటి నియమము: బండితో వచ్చిన డాష్‌బోర్డుకు రంధ్రములు చేయఁగూడదు. తొలిచిన రేకు మరల పూడదు. బండి మన తరువాతివారి చేతికి పోవును. వారికి దాని మొదటి రూపమును చూచు హక్కు గలదు. కావున వేఱొక రేకును గాని, చెక్కను గాని తీసికొని, మూఁడు గుండ్రని రంధ్రములు చేసి, డాష్‌బోర్డు క్రింది అంచున ఇదివఱకే యున్న మరలకు తగిలింపవలెను. ఇట్టి మీటరులలో ఎక్కువగా దొరకునవి 52 మిల్లీమీటర్ల అడ్డుకొలత గలవి. రేకును కోయుటకు ముందు అట్టముక్కతో నమూనా చేసి, బండిలో పెట్టి, చోదకుని స్థానమునఁ గూర్చుండి చూడుఁడు. స్టీరింగు చక్రము అడ్డువచ్చుచున్నదా? మోఁకాలు తగులుచున్నదా? అట్టముక్కపై చేసిన తప్పునకు ఖరీదు లేదు.

పందెపుబండ్లవారి యుపాయ మొకటి కలదు. అంకెలు నిలువుగా ఉన్నను లేకున్నను లెక్కింపక, ఇంజను క్షేమముగా నున్నపుడు ముండ్లన్నియు నిట్టనిలువుగా నిలుచునట్లు మీటరులను త్రిప్పి బిగింతురు. అప్పుడు అంకెలు చదువ నక్కఱలేదు. వరుసలో ఒక ముల్లు ప్రక్కకు వాలినచో, కవాతులో తప్పడుగు వేసిన పిల్లవానివలె అది వెంటనే కంటఁబడును.

రెండవ నియమము: పని మొదలిడకమునుపు బాటరీ తీఁగెను విప్పవలెను. అనేక బ్రిటిషు ప్రాతబండ్లలో బాటరీయొక్క ధనధ్రువము బండి దేహమునకు కలుపఁబడి యుండును; నేఁటి బండ్లలో ఋణధ్రువము. ఏది యెట్లున్నదో చూడక తీఁగెలు కలిపినచో ముల్లు వెనుకకు తిరుగును. కొన్ని మీటరులు చెడిపోవును. 'మోడల్ ఏ' వంటి 6 వోల్టుల బండికి 12 వోల్టుల మీటరు పనికిరాదు.

మూఁడవ నియమము: ఇంజనుగదికిని మనము కూర్చుండు గదికిని నడుమ నున్న ఇనుపగోడగుండ పోవు ప్రతి తీఁగెకును, ప్రతి గొట్టమునకును రబ్బరు ఉంగరము తొడుగవలెను. లేనిచో రేకు అంచు దినదినమును కొంచెము కొంచెముగా కోయును. విద్యుత్తు తీసికొను ప్రతి క్రొత్త తీఁగె మొదటను చిన్న ఫ్యూజు ఉండవలెను. చమురు మీటరునకు పోవు రాగి గొట్టమును ఇంజను దగ్గఱ రెండు చుట్లు చుట్టవలెను. ఇంజను అదరుపాటును ఆ చుట్లు సైఁచును. తిన్నగా బిగించినచో రాగి గట్టిపడి పగులును. పగిలినచో కాఁగిన చమురు చోదకుని కాళ్లపై చిమ్మును; ఇంజను చమురును కోలుపోవును. నైలాను గొట్టము వాడువారు దానిని పొగగొట్టమునకు దూరముగా నడపవలెను.

నాలుగవ నియమము: బిగించుటకుముందు పరీక్షింపవలెను. వేఁడిమి మీటరును వంటయింటిలోనే పరీక్షింపవచ్చును. గిన్నెలో నీరు కాఁచి, అందు గుండునో మరమేకునో వ్రేలాడవేసి, ప్రక్కను మన పాఠశాలలోని ఉష్ణమాపకము వంటిదానిని ఉంచి, 60, 80, 100 డిగ్రీలయొద్ద ముల్లు ఎక్కడ నున్నదో వ్రాసికొనవలెను. మరమేకు మీటరైనచో దాని దేహమును బాటరీ రెండవ ధ్రువమునకు తీఁగెతో కలుపుట మఱవరాదు. బండిలో బిగించునపుడును మరలపై టేపు ఎక్కువగా చుట్టరాదు. విద్యుత్తు తిరిగిపోవు దారి మూసికొనిపోవును.

నేను నేర్చుకొన్న పాఠము

మా పినతండ్రిగారి అంబాసిడరు నాకు సంక్రమించినపుడు పై నియమములన్నియు పాటించి, మూఁడు మీటరులను నా చేతులతోనే అమర్చితిని. గిన్నెలో పరీక్షించితిని. అతుకులన్నియు సరిచూచితిని. నా పనియందు నాకు కొంత గర్వమును కలిగెను. ఆ వేసవిలో కుటుంబముతో హార్సిలీ కొండలకు బయలుదేఱితిమి.

ఘాటురోడ్డున సగము ఎక్కునప్పటికి వేఁడిమి ముల్లు 100 దాఁటెను. నిలుపుదమా యని యనుకొనుచుండఁగానే అది నెమ్మదిగా దిగసాగెను. 90, 80, తరువాత 70. నేను సంతోషించి, "చూచితివా, కొండగాలికి ఇంజను చల్లఁబడినది" అని నా భార్యతో నంటిని. వెనుకసీటున నున్న మా అమ్మాయి అప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. అది ముందుకు వంగి, "నాన్నగారూ, ఎక్కుడు ఇంకను తీఱలేదు గదా, ఎట్లు చల్లఁబడును? ఈ చమురు ముల్లుకూడ పడిపోవుచున్నదేమి?" అని యడిగెను. బాటపై దృష్టి నిలుపవలసిన వేళ ప్రశ్నలు వేయవద్దని దానిని మందలించితిని.

ఇంకొక అరమైలు పోవునంతలో ఇంజను బలము తగ్గి, టకటకమని చప్పుడు చేసి ఆగిపోయెను. మూఁత తెఱచి చూడఁగా రేడియేటరు క్రింది రబ్బరు గొట్టము చీలియుండెను. నీరంతయు ఎప్పుడో కాఱిపోయినది. ఇంజను తలభాగము వేఁడికి వంగిపోయినది. దానిని బాగుచేయించుటకు నా రెండు నెలల జీతము వెచ్చమయ్యెను.

మీటరు చెడలేదు, అబద్ధమును చెప్పలేదు. అది తన్ను తాఁకుచున్నదాని వేఁడినే చెప్పినది. నీరున్నంతవఱకు నీటి వేఁడిని చెప్పెను. నీరు పోయిన పిమ్మట దానిని తాఁకినది గాలియు, కొంత ఆవిరియు మాత్రమే. చుట్టునున్న ఇనుము మండుచున్నను ఆ వాయువుగుండ వేఁడి దానికి సరిగా చేరలేదు. అదే సమయమున చమురు వేఁడికి పలుచనై, బేరింగుల సందులనుండి సులభముగా జాఱిపోవుటచేత ఒత్తిడి తగ్గుచుండెను. రెండవ మీటరు నిజమును చెప్పుచునే యున్నది. ఒక ముల్లు చల్లఁబడినదనియు, వేఱొక ముల్లు వేఁడెక్కినదనియు చెప్పుచుండఁగా, నేను నాకు ఇష్టమైన సాక్షిని నమ్మి, రెండవ సాక్షిని విడిచితిని. మా అమ్మాయికి ఇంజను శాస్త్రము తెలియదు. కాని ఎక్కుచున్న బండి కారణము లేక చల్లఁబడరాదని దానికి తోఁచెను. ఆ మాత్రము నాకు తోఁచలేదు.

కాబట్టి మీటరులు చేర్చుకొనువారికి నా మనవి యిది. ముల్లు లేచినపుడే కాక, కారణము లేక పడినపుడును బండి నిలుపుఁడు. ఒక మీటరు మాటను ప్రక్కదానితో సరిచూడుఁడు. వేఁడిగా నున్నపుడు రేడియేటరు మూఁతను తెఱవకుఁడు, ముఖము కాలును. కాలుచున్న ఇంజనులో చన్నీరు పోయకుఁడు, ఇనుము పగులును. నీడను నిలిపి, దానంతట అది చల్లాఱువఱకు ఓర్చుకొనుఁడు.

ఆ బండి ఇప్పటికిని మా యింట గలదు. ఆ మూఁడు మీటరులును ఉన్నవి. రేడియేటరు గొట్టములను ఏటేట మార్చుచున్నాను. కొండదారి వచ్చినపుడు మా అమ్మాయి ముందుసీటున కూర్చుండి మూఁడు ముండ్ల సంగతిని పైకి చదువుచుండును. అది ప్రశ్న వేసినపుడు బండి ప్రక్కకు తీసి నిలుపుదును. ఆ పిమ్మటనే సమాధానము చెప్పుదును.